తాసిల్దారు మోకాలు

1994 జనవరి. దక్షిణ ఢిల్లీలో, మునిర్కాకి దగ్గర్లోనే ఒక మార్కెట్టు వెనకవరసలో, టైలరు కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది మా పెట్ క్లినిక్. వెయిటింగ్ రూము ఎంత విశాలమైనదంటే, గ్రేట్ డేన్ ఒకటి వచ్చి సంతోషంతో తోక ఊపిందంటే గోడ మీది క్యాలెండర్లో నెల మారిపోయేది. చలి సంగతి చెప్పక్కర్లేదు. థర్మామీటరు కూడా స్వెటరు కోసం చూసేది. తణుకు వైపు నుంచి వచ్చినదాన్ని కాబట్టి, నేను ఎప్రన్ కింద ఎన్ని వేసుకునేదాన్నంటే, వంగి కుక్కపిల్లని ఎత్తాలంటే ముందు నన్నెవరైనా వంచాలి.

క్లినిక్ ఓ పెద్ద సర్దార్జీ డాక్టరుగారిది. నేను జూనియర్ని. పామరేనియన్లూ, వాటికంటే సున్నితమైన వాటి యజమానులూ ఆయనకి. గోళ్లు కత్తిరించడం, గాయాలు, ఎముకలు, కరిచేవన్నీ నాకు. ఈ పంపకంలో నాకేమీ ఫిర్యాదు లేదు. పామరేనియన్ యజమాని కరిస్తే టీకా కూడా లేదు.

ఒక పొద్దున మంచులోంచి ఓ కుర్రాడు వచ్చాడు. చేతుల్లో ఎర్ర రజాయి, రజాయిలో బూడిదరంగు వీధికుక్క. దాని ఎడమ వెనక కాలు తొడ దగ్గర వేలాడుతోంది.

“భయ్యా, డాక్టర్ సాబ్ హై?” అని అడిగాడు, స్వెటర్ల గుట్టలో నేను ఆడమనిషినని పోల్చుకోలేక. నేనే డాక్టర్నని చెప్పాను, కుక్క పుట్టిన తేదీ అడిగే గుమాస్తా మొహం పెట్టి. నా హిందీ వినగానే అతని కళ్లు వెలిగాయి.

“మీరు తెలుగా మేడమ్?”

నా హిందీని రెండు ముక్కలు వింటే చాలు, గోదావరి ఏ గట్టున పుట్టానో కూడా చెప్పేయగలిగేవారు ఢిల్లీలో.

“ఏమైంది దీనికి?”

“బస్సు గుద్దింది మేడమ్. పాల బూత్ కాడ. ఆగకుంట పోయిండు.”

“మీ కుక్కేనా?”

“మాది గాదు. అంటే… మాతోనే ఉంటది.”

“పేరు?”

కొంచెం సిగ్గుపడ్డాడు. “తాసిల్దారు.”

తర్వాత తెలిసింది. కుర్రాడి పేరు ప్రభాకర్. జగిత్యాల దగ్గర ఊరు. మునిర్కాలో ఒక మేడ మీది గదిలో సివిల్స్‌కి చదువుతున్నాడు. అప్పట్లో ఆ సందుల్లో ఏ తలుపు తట్టినా ఇద్దరు కాబోయే కలెక్టర్లు, ఒక కిరోసిన్ స్టవ్వు బయటపడేవారు. సందులు ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా వచ్చిన ఇద్దరిలో ఒకరు పరీక్ష పాసై వెళ్లిపోతే తప్ప రెండోవాడికి దారి దొరికేది కాదు. గదిలోని కుర్రాళ్లు తమ పళ్లాల్లోంచి రోజూ శిస్తు వసూలు చేసే ఈ కుక్కకి ‘కలెక్టర్’ అని పెడదామనుకున్నారట. దిష్టి కొడుతుందని భయపడి ఒక మెట్టు దించి తాసిల్దారు చేశారు.

ఎక్స్‌రే తీశాం. తొడ ఎముక మధ్యకి విరిగింది. ఆ రోజే ఆపరేషన్ చేసి పిన్ వేశాను. పిన్ అంటే, ఎముక లోపల మజ్జ ఉండే గొట్టంలోకి దించే స్టీలు కడ్డీ. అది లోపల నిటారుగా నిలబడి, విరిగిన రెండు ముక్కల్నీ అతుక్కునేదాకా కదలకుండా పట్టుకుంటుంది. ఆపరేషన్ బాగా జరిగింది. ఎంత బాగా అంటే, పక్క కొట్టు టైలరు మాస్టరు వచ్చి నా కుట్లు చూసి తల ఊపి వెళ్లాడు. ఢిల్లీలో నాకొచ్చిన ఒకే ఒక్క నిష్పాక్షికమైన ప్రశంస అది.

ఆ తర్వాతే అసలు పని. తొడ ఎముక విరిగిన లేతవయసు కుక్కలకి ఒక ప్రమాదం ఉంది. ఎముక అతుక్కునే హడావుడిలో పక్కనే ఉన్న తొడ కండరం కూడా ఎముకని కరుచుకుపోతుంది. అప్పుడు మోకాలు వంగదు. కాలు కర్రలా వెనక్కి బిగుసుకుపోతుంది. దీన్ని క్వాడ్రిసెప్స్ కాంట్రాక్చర్ అంటారు. ఒకసారి వచ్చిందంటే పోదు. రాకుండా చూసుకోవడం డాక్టరు చేతిలో లేదు, ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. రోజూ కాపడం పెట్టి, మోకాలు మెల్లగా వంచి చాపాలి. పొట్ట కింద తువ్వాలు వేసి, దాని రెండు చివరలూ పైనుంచి పట్టుకుని, బరువు మనం మోస్తూ నడిపించాలి. ఇదంతా ప్రభాకర్‌కి చేసి చూపించాను. శ్రద్ధగా తలూపాడు.

“నొప్పి పుడితే మేడమ్?”

“కొంచెం పుడుతుంది. అయినా వంచాలి.”

తలూపడం ఆగింది. నేను చేతులు కడుక్కుంటున్నాను, పట్టించుకోలేదు.

వారానికోసారి తీసుకొచ్చేవాడు. అంత చక్కటి యజమానిని నేను నా ఉద్యోగంలో చూడలేదు. మామూలుగా మా దగ్గరికొచ్చేవాళ్లని ‘ఎలా ఉంది?’ అంటే, ‘బేబీ నిన్నటినుంచి నాతో మాట్లాడట్లేదు’ అని మొదలుపెట్టి, బేబీ వాళ్ల అమ్మమ్మ కుక్క దాకా వెళ్తారు. ప్రభాకర్ అలా కాదు. దరియాగంజ్ ఆదివారం బజారులో పశువైద్యం పుస్తకమొకటి పాతది కొని, సివిల్స్ పుస్తకాల పక్కన పెట్టుకుని చదివేశాడు.

“ఇప్పుడు టో టచింగ్ నడుస్తున్నది మేడమ్. అంటే వేళ్లు మాత్రం ఆనిస్తున్నడు.” తర్వాతి వారం: “పార్షియల్ వెయిట్ బేరింగ్ మొదలైంది మేడమ్. సగం బరువు ఏస్తున్నడు. మోకాలు మంచిగ వంగుతున్నది.”

నేను మురిసిపోయాను. ఇటువంటి యజమానులు పదిమంది ఉంటే డాక్టర్లు ఇంట్లో కూర్చుని అల్లికపని చేసుకోవచ్చనుకున్నాను. క్లినిక్కులో మాత్రం తాసిల్దారు బల్ల ఎక్కగానే ఒంట్లోని ప్రతి కండరాన్నీ రాయి చేసుకునేది. మోకాలి మీద చెయ్యి వేస్తే మూతిపట్టీలోంచే నా వంశాన్ని శపించేది. భయానికి బిగబట్టిందనుకున్నాను. మా బల్ల ఎక్కిన ఏ కుక్కా తన నిజమైన నడక చూపించదు. అందుకే ఇంట్లోవాళ్ల మాటే మాకు ఆధారం. పైగా ఎక్స్‌రేలో ఎముక పుస్తకంలో బొమ్మలా అతుక్కుంటోంది.

హోలీకి ముందు ఒక ఆదివారం. మునిర్కాలో ఒక తెలుగాయన మెస్సు నడిపేవాడు. గోంగూర పచ్చడి అంటే నేను ఢిల్లీ చివరినుంచి చివరికి నడిచి వెళ్లే రోజులవి. తిని, ఆ మంట చల్లార్చుకోవడానికి పక్కనున్న పార్కులోకి వెళ్లాను.

అక్కడ ప్రభాకర్ కనిపించాడు. ఒక చేతిలో పుస్తకం, రెండో చేతిలో తువ్వాలు చివరలు. తువ్వాల్లో తాసిల్దారు. కుక్క మూడు కాళ్ల మీద నడుస్తోంది. నాలుగో కాలు వెనక్కి, నేలకి బెత్తెడు పైన, పడవ తెడ్డులా బిగుసుకుని ఉంది. ఆపరేషన్ అయిన కాలు చిక్కడం మామూలేనని నేను సరిపెట్టుకున్న తొడ, ఎండిపోయి నా ముంజేయంత అయింది. అప్పుడప్పుడూ ఆ పాదం మడతపడి గడ్డిలో ఈడ్చుకుపోతోంది.

నా నోట్లో గోంగూర చేదైపోయింది.

నన్ను చూసి ఆగాడు. పుస్తకం మూశాడు.

“మోకాలు వంచుతున్నావా ప్రభాకర్?”

“వంచుతున్న మేడమ్.”

“నా ముందు వంచు.”

గడ్డిలో కూర్చున్నాడు. కుక్కని ఒళ్లోకి తీసుకున్నాడు. మోకాలి మీద చెయ్యి వేశాడు. తాసిల్దారు అరవలేదు, కరవలేదు. మెడ తిప్పి అతని మొహంలోకి చూసింది, అంతే. ప్రభాకర్ చెయ్యి తీసేశాడు.

“గిట్ల సూస్తడు మేడమ్. సూసినంక నాతోని గాదు.”

“ఎప్పటినుంచి?”

“మొదటి దినం నుంచి.”

“మరి నాకు ప్రతివారం చెప్పిందంతా ఏమిటి? టో టచింగూ, వెయిట్ బేరింగూ?”

చాలాసేపు గడ్డి పీకాడు. “బుక్కుల ఏ వారానికి ఏం గావాల్నో ఉంటది మేడమ్. మీరు అడిగిన్రు. నేను జవాబు జెప్పిన. అబద్ధం ఆడాల్నని గాదు. ప్రశ్న ఇనంగనే జవాబు నోట్లకెళ్లి అదే వస్తది. ఇన్నేండ్ల సంది గదే పని గదా.”

కోపం వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాను. నేను తిట్టడంలో ఎంత గొప్పదాన్నంటే, మా క్లినిక్కులో డాబర్‌మన్లు బల్ల కింద దాక్కునేవి. కానీ తాసిల్దారు అతని మోచేతిని నాకుతోంది. నోరు మూసుకున్నాను.

మర్నాటినుంచి రోజూ పొద్దున్నే క్లినిక్కుకి రమ్మన్నాను. మత్తు ఇచ్చి ఒకసారి గట్టిగా వంచి చూశాం. లేచాక మళ్లీ బిగుసుకుపోయింది. వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టాం. నేను వంచేదాన్ని, ప్రభాకర్ దాని తల తన పొట్టకి అదుముకుని పట్టుకునేవాడు, మొహం కనపడకుండా. కుక్కకి అతని మొహమా, అతనికి కుక్క మొహమా అనేది నేను అడగలేదు. హోలీ వెళ్లింది, ఎండ ముదిరింది, మోకాలు మాత్రం ఒక్క వెంట్రుక వాసి కూడా కదల్లేదు. ఈడ్చుకుపోయిన పాదం పైభాగంలో పుండు పడి, లోపలి ఎముక కనిపించడం మొదలైంది.

ఆ రోజు అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను.

“కాలు తీసేయాలి.”

“ఇంకో నెల సూద్దాం మేడమ్.”

“ఇంకో నెలంటే, ఇంకో నెల దానికి నొప్పి. ఆ పుండులోంచి విషం ఎక్కితే కుక్కే ఉండదు.”

“నేను రోజుకు పదిసార్లు వంచుత. ఈసారి నిజంగ.”

“ఇప్పుడు వంచినా వంగదు ప్రభాకర్. కండరం కండరంగా లేదు.”

లేచి నిలబడ్డాడు. కిటికీ దగ్గరికి వెళ్లాడు. కిటికీలోంచి మా టైలరు మాస్టరు కొట్టు వెనక్కాల తప్ప ఏమీ కనపడదు. దాన్నే చూస్తూ చెప్పాడు.

“నేను మెయిన్స్ రాయలే మేడమ్. ప్రిలిమ్స్‌లనే పోయింది. నాకు గదే ఆఖరి ఛాన్స్. ఇంటికాడ మా అక్కకు, బావకు మెయిన్స్ రాసిన, రిజల్ట్ కోసం సూస్తున్న అని జెప్పిన. అమ్మ, నాయిన లేరు మాకు. అక్కనే సదివించింది. ఫోన్ జేసినప్పుడల్ల మంచిగ రాసిన్నే అంట. ఇంటికి పోవాలె. పోబుద్ధి గాదు. ఇగ వీనికి దెబ్బ తగిలింది. అప్పుడనుకున్న. వీడు నాలుగు కాళ్ల మీద మా మెట్లు ఎక్కినంక పోదామని. ఈడికచ్చి ఇన్నేండ్లకు ఒక్కటన్న సక్కగ జేసిన అనుకొని పోదామని.”

గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు వినడం కష్టమైంది. హాస్యమాడే అలవాటున్నవాళ్లకి ఇదొక శాపం, సరైనప్పుడు జేబులు ఖాళీగా ఉంటాయి.

“అది నీ పరీక్ష. దానిది కాదు,” అన్నాను చివరికి. “దానికి నాలుగు కాళ్లు కావాలని అది నీకు చెప్పిందా? దానికి నొప్పి లేకపోతే చాలు. పాల బూత్ దాకా వెళ్లగలిగితే చాలు.”

“మూడు కాళ్లతోని మెట్లు ఎక్కుతడా?”

పుస్తకంలో జవాబు ఉంది. ఎక్కుతాయని. చెప్పబోయి ఆగాను.

“తెలీదు. చూడాలి.”

ఆ మాట విన్నాక తల తిప్పి నావైపు చూశాడు. “తీసెయ్యిన్రి మేడమ్,” అన్నాడు.

సర్దార్జీ డాక్టరుగారు మత్తు చూసుకున్నారు, నేను కాలు తీశాను. ఈసారి టైలరు మాస్టరు చూడటానికి రాలేదు. టీ పంపించాడు.

మళ్లీ తువ్వాలు. మళ్లీ పార్కు. ఇప్పుడు శిక్షణ వేరు. ఒంటి వెనకకాలు మధ్యకి జరగాలి, మెడ కొంచెం ముందుకి వంగాలి, మలుపుల్లో ఒరిగిపోకుండా బరువు పట్టుకోవడం రావాలి. నున్నటి గచ్చు మీద గోనెపట్టాలు పరవమన్నాను. మెల్లగా, రోజూ, ఒకే వేళకి నడిపించమన్నాను.

“మూడుకాళ్ల కుక్కకు ఎట్ల నేర్పాల్నో నా బుక్కుల ఒక్క పేజీ లేదు మేడమ్,” అన్నాడు.

“మంచిదైంది. అయితే ఏం చూశావో అదే వచ్చి చెప్పు. బాగుంది, అవుతోంది, మెరుగు, ఈ మాటలు నా క్లినిక్కులోకి తేకు. గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలేయ్.”

రెండో రోజో మూడో రోజో వచ్చాడు. నిలబడి, తడుముకుంటూ, మొదటిసారి నాకు ఇలా చెప్పాడు:

“పొద్దుగాల లేవంగనే ఎడమదిక్కు ఒరిగి పడ్డడు. నేను లేపలే, మీరు వద్దన్నరని. తనే లేచిండు. పార్కుల రెండుసార్లు కూసున్నడు. పాలాయన సైకిల్ జూసి ఉరికిండు, తువ్వాల నా చేతులకెళ్లి జారిపోయింది. మలుపు కాడ బోర్లపడ్డడు. మళ్ల లేచి ఉరికిండు.” తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. “పడ్డప్పుడు నా దిక్కు సూడలే మేడమ్.”

నా ముందు కూర్చుని ఎందరో డాక్టర్లు కేసులు వివరించారు తర్వాత రోజుల్లో. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఇది మాత్రం పెంచి చెప్తున్నది కాదు.

ఈ కేసు నాకు నేర్పిందేమిటంటే, ‘ఎలా ఉంది?’ అని అడక్కూడదని. ఆ ప్రశ్నకి లోకంలో ఒకే జవాబు ఉంది. అందరికీ కంఠస్థం వచ్చు. ఆ తర్వాత నా ఉద్యోగమంతా ‘ఇవాళ ఏం చెయ్యలేకపోయింది?’ అని అడుగుతూ వచ్చాను. కొందరు కోప్పడతారు. ఒకావిడ తన కుక్క చెయ్యలేనిదంటూ ఏదీ లేదని చెప్పి, మరో డాక్టరుని వెతుక్కుంది. చాలామంది ఆగుతారు, కుక్కవైపు చూస్తారు, అప్పుడు చెప్పడం మొదలుపెడతారు. కుదిరితే వాళ్ల వీధికే వెళ్లి చూస్తాను. గోంగూర మెస్సు ఉన్న వీధైతే తప్పకుండా వెళ్తాను.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం మునిర్కాకి వెళ్లాను, కుట్ల మచ్చ చూద్దామని. ప్రభాకర్ ఉండే ఇంటి మెట్లు ఎలాంటివంటే, వాటిని మెట్లు అన్నవాడు నిచ్చెన ఎప్పుడూ చూసి ఉండడు. కింద గుమ్మంలో ఇంటి యజమానురాలు, అందరూ తాయీ అని పిలిచే పెద్దావిడ, చున్నీ తలమీదికి లాక్కుని బఠాణీలు ఒలుస్తోంది. అద్దెకిచ్చేటప్పుడు కుక్క కనపడితే సామాను వీధిలో పడేస్తానని చెప్పిన మనిషి. ఇప్పుడు మొదటి రొట్టె దానికే.

ప్రభాకర్ మామూలుగా కుక్కని ఎత్తుకోవడానికి వంగాడు. తాసిల్దారు చేతుల్లోంచి జారిపోయింది. మొదటి మెట్టు మీద ముందుకాళ్లు పెట్టింది. ఆగింది. ప్రభాకర్ చెయ్యి దాని పొట్ట కిందికి వెళ్లబోయింది.

“ఛోడ్ దే బేటా,” అంది తాయీ, బఠాణీల్లోంచి తలెత్తకుండా. “ఉస్‌కో అప్నా ఘర్ పతా హై.”

వదిలేయ్ నాయనా, దాని ఇల్లు దానికి తెలుసు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుక్క ఒక్క ఊపున ఎగిరింది. ఒంటికాలు మెట్టు అంచున జారి, పట్టుకుంది. మళ్లీ ఎగిరింది. మలుపు దగ్గర గోడకి భుజం ఆనించి ఊపిరి తీసుకుంది. మేమిద్దరం కింద మెడలెత్తి నిలబడ్డాం. తర్వాత కనపడలేదు. గోళ్ల చప్పుడు మాత్రం పైకి, ఇంకా పైకి వెళ్లింది. పైన గది తలుపు దగ్గర, తెరవమని ఒక్కసారి మొరిగింది.

ప్రభాకర్ పైకి వెళ్లలేదు. “మేడమ్, రెండు నిమిషాలు నాతోని వస్తరా?” అన్నాడు.

సందు చివర ఎస్‌టీడీ బూత్. అద్దాల తలుపు సరిగ్గా పడదు, లోపలి మాటలు బయటికి వినపడతాయి. పక్కకి వెళ్లబోయాను. ఉండమన్నట్టు చెయ్యి చూపించాడు.

“అక్కా, నేను. ఆ, తిన్న. … అక్కా, ఒకటి జెప్పాలె. నేను మెయిన్స్ రాయలే. … ప్రిలిమ్స్‌లనే పోయింది. పోయిన ఎండకాలమే. … లే, ఇగ ఛాన్సుల్లేవు. అయిపోయినయి.”

రిసీవరు చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. రెండోచేత్తో అద్దం మీది దుమ్ము తుడుస్తున్నాడు, తుడిచినచోటే మళ్లీ మళ్లీ. బయట నేను, నా జీవితంలో మొదటిసారి, ఏ దేవుడికి మొక్కాలో తెలీక నిలబడ్డాను.

ఉన్నట్టుండి తలుపు తోసి తల బయట పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మేడమ్, అక్క అడుగుతున్నది. కుక్కను రైల్ల తేనిస్తరా అని.”

“తేనిస్తారు. గార్డు డబ్బాలో కుక్కలకి వేరే పెట్టె ఉంటుంది. ఆరోగ్యం బాగుందని కాగితం నేను రాసిస్తాను.”

తల లోపలికి వెళ్లింది.

“తేనిస్తరంట అక్కా. … ఆ. … ఏంది? లే, మూడే. మూడు కాళ్లే ఉన్నయి ఇప్పుడు. … ఎక్కుతడు అక్కా. మెట్లు గూడ ఎక్కుతడు. ఎవలో జెప్పింది గాదు, నేను సూసిన.”